అత్యంత ఖరీదైన ప్రైవేటు దీవులు: అడిగిన ధరా, అమ్ముడైన ధరా?

లెక్కల_మాస్టారు
వాట్సాప్‌లో మళ్ళీ ఆ పట్టిక తిరుగుతోంది, "ప్రపంచంలో పది ఖరీదైన ప్రైవేటు దీవులు" అని. హవాయిలో లనాయి 30 కోట్ల డాలర్లు, థాయిలాండ్‌లో రంగ్‌యాయ్ 16 కోట్లు, గ్రీసులో స్కార్పియోస్ 15 కోట్లు, ఫ్లోరిడాలో పంప్‌కిన్ కీ 11 కోట్లు. అన్నీ ఒకే వరసలో పెట్టేశారు. లనాయి నిజంగా చేతులు మారిన సొమ్ము. రంగ్‌యాయ్, పంప్‌కిన్ కీ బ్రోకరు బోర్డు మీద రాసిన సొమ్ము. స్కార్పియోస్ అమ్మకమో లీజో ఆ పట్టిక రాసినవాడికే తెలీదు. కందిపప్పు ధరా, కందిచేను ధరా కలిపి కూడినట్టుంది.
అడిగేది రెండే. చేతులు మారిన ధరలు మాత్రమే తీసుకుంటే ఏది పైన? ఈ కోట్లన్నీ నేలకా, నేల మీద ఉన్నవాటికా?

బార్జి_బాబ్జీ
రెండోదానికి ముందు చెప్పేస్తా. నీళ్ళకి, రేవుకి, కాగితాలకి. నేల ఊరికే వచ్చిందనుకోండి.

ఎకరాల_ఏడుకొండలు
నేల ఊరికే వచ్చిందా? పామ్ బీచ్‌లో టార్పన్ ఐల్ చూడు బాసూ. మట్టి పోసి కట్టిన దీవి, రెండుంపావు ఎకరాలు. 2021లో ఒక డెవలపర్ 8.5 కోట్ల డాలర్లకి కొని, ఇల్లు బాగుచేసి పెంచి, 21.8 కోట్లు అడిగాడు. 2024లో 15 కోట్ల చిల్లరకి పోయింది. ఎకరం ఆరున్నర కోట్ల డాలర్ల పైమాటే.

ఓరుగల్లు_చిన్నోడు
వంతెన ఉన్నదాన్ని దీవి అంటరా అన్నా? కారు పోయి ఇంటి ముంగట ఆగుతది. గది ప్లాటు, సుట్టూ నీళ్ళున్న ప్లాటు.

ఎకరాల_ఏడుకొండలు
వంతెన ఉంది కాబట్టే ఆ ధర. కరెంటు, నీళ్ళు, మురుగు అన్నీ ఊరి లైన్లే. బాబ్జీ చెప్పిన మూడు తలనొప్పులూ లేవు.

బార్జి_బాబ్జీ
నేనన్నదీ అదేగా మరి!

రిజిస్ట్రీ_రావు
మొదటి ప్రశ్నకి వస్తే లనాయే పైన, అందులో పేచీ లేదు. 2012 జూన్‌లో ఒరాకిల్ లారీ ఎలిసన్ కొన్నాడు. అమ్మింది డేవిడ్ మర్డాక్, కాసిల్ అండ్ కుక్ కంపెనీ. పత్రికల్లో వచ్చింది 30 కోట్ల డాలర్లు. కానీ ఏం కొన్నాడో చూడాలి. దీవిలో 98 శాతం, అంటే సుమారు 87 వేల ఎకరాలు. మిగతా 2 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, మావి కౌంటీది, సొంత ఇళ్ళున్నవాళ్ళది. 87 వేల ఎకరాలతో పాటు రెండు పెద్ద హోటళ్ళు, గోల్ఫ్ కోర్సులు, నీటి సరఫరా సంస్థ, అద్దెకిచ్చే ఇళ్ళు వచ్చాయి. ఊళ్ళో జనం మూడు వేలు. ఎక్కువమందికి జీతమిచ్చేదీ, ఇల్లు అద్దెకిచ్చేదీ ఒకరే. మర్డాక్ దీవి అమ్మినా గాలిమరలు పెట్టుకునే హక్కు మాత్రం తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు. దీవి కొనేటప్పుడు ఏమేం రావట్లేదో చదవాలంటారు చూడండి, దానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.
దీనికి ముందు 1922లో అనాసపళ్ళ జేమ్స్ డోల్ 11 లక్షల డాలర్లకి కొన్నాడు. 1992 దాకా అక్కడ అనాస తోటలే.

లెక్కల_మాస్టారు
30 కోట్లని 87 వేలతో భాగిస్తే ఎకరం 3,450 డాలర్లు. అప్పటి డాలరు 55 రూపాయలనుకుంటే లక్షా తొంభై వేలు.

కొబ్బరాకు
ఏంటండీ బాబూ, కోనసీమలో ఆ ధరకి కొబ్బరితోట గట్టు కూడా రాదు!

ఓరుగల్లు_చిన్నోడు
మొత్తంల అన్నిటికన్నా పిరమైన దీవి, ఎకరం లెక్కన ఇంత సస్తా. మంచిగుంది.

ఎకరాల_ఏడుకొండలు
లనాయిని ప్రైవేటు దీవి అనడం మీదే నాకు అభ్యంతరం. బడి, పోస్టాఫీసు, పోలీసు స్టేషను ఉన్న ఊరది. కౌంటీకి ఓట్లు వేస్తారు. సముద్రపు ఒడ్డు హవాయి చట్టం ప్రకారం అందరిదీ, ఎలిసన్ ఆపలేడు. నిజంగా ప్రైవేటు దీవి కావాలంటే నీహావు చెప్పండి. 1864లో ఎలిజబెత్ సింక్లెయిర్ ఐదో కమేహమేహా రాజు దగ్గర 10,000 డాలర్లకి కొన్నది, నేటికీ ఆ కుటుంబమే. అమ్మకానికి పెట్టరు కాబట్టి ఏ పట్టికలోనూ ఉండదు.

రిజిస్ట్రీ_రావు
ఒప్పుకుంటాను. ఖరీదైనవన్నీ అమ్మకానికి వచ్చినవే. అమ్మనివాటికి ధరే లేదు.

తీరంలెక్క
అడిగిన ధరకీ అమ్ముడైన ధరకీ ఎంత దూరముంటుందో చూడాలంటే అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లో లిటిల్ సెయింట్ జేమ్స్, గ్రేట్ సెయింట్ జేమ్స్ తీసుకోండి. లైంగిక నేరాల కేసుల్లో ఇరుక్కున్న అమెరికా ధనవంతుడు ఎప్‌స్టీన్ దీవులు. 2022లో రెండూ కలిపి 12.5 కోట్ల డాలర్లు అడిగారు. 2023లో 6 కోట్లకి తెగింది. సగం కూడా రాలేదు.

కొబ్బరాకు
ఆ దీవికి ఉన్న పేరుకి సగమైనా వచ్చిందంటే గొప్పే.

తీరంలెక్క
పేరు ఒక కారణమే. టార్పన్‌కి ఏ మచ్చా లేదు, అయినా అడిగినదాంట్లో పదింట ఏడు వంతులే వచ్చాయి. దీవి కొనేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద గుప్పెడుమంది. పక్కన ఇంకో దీవి అమ్ముడైన ధర చూసి పోల్చుకుందామంటే ఆ పక్క దీవికి రేవుంటుంది, దీనికి ఉండదు. బ్యాంకులు కూడా వట్టి దీవి తాకట్టు మీద అప్పివ్వడానికి వెనకాడతాయి. చేతిలో రొక్కం ఉన్నవాడే కొనాలి, వాడు ఆగగలడు. అమ్మేవాడే ఆగలేడు, ఎందుకంటే నెలనెలా డీజిలు, కాపలా, పెయింటు ఖర్చు ఆగదు.

లెక్కల_మాస్టారు
అయితే రంగ్‌యాయ్, పంప్‌కిన్ కీ పట్టికలోంచి కొట్టేస్తున్నా.

రిజిస్ట్రీ_రావు
రంగ్‌యాయ్‌ని ఇంకో కారణానికి కూడా కొట్టేయాలి. థాయిలాండ్‌లో విదేశీయుడు భూమికి యజమాని కాలేడు. మామూలు దారి 30 ఏళ్ళ రిజిస్టర్డ్ లీజు. "ఇంకో 30, ఇంకో 30" అని ఒప్పందంలో రాసేవి వట్టి మాట, భూమికి అంటుకున్న హక్కు కావు. స్థానికుల పేరుతో కంపెనీ పెట్టి కొనడం నేరం. కాబట్టి ఒక విదేశీయుడికి ఆ 16 కోట్లు కొనుగోలు ధర కానే కాదు.
స్కార్పియోస్ కథ ఇంకో రకం. గ్రీకు ఓడల వ్యాపారి ఒనాసిస్ 1963లో కొన్నాడు. 2013లో మనవరాలు అథీనా దగ్గర్నుంచి రష్యా కోటీశ్వరుడి కూతురి తరఫు ట్రస్టుకి వెళ్ళింది. తాత వీలునామాలో అమ్మకానికి అడ్డు ఉంది కాబట్టి ఇది దీర్ఘకాల లీజని పత్రికలు రాశాయి. కొన్న ట్రస్టు మాత్రం "మేం కొన్నది కంపెనీల సముదాయాన్ని, దీవులు ఆ కంపెనీల ఆస్తి" అంది. దీవుల వ్యాపారంలో ఇది చాలా మామూలు. నేల చేతులు మారదు, నేలకి యజమాని అయిన కంపెనీ వాటాలు చేతులు మారతాయి. చాలాచోట్ల రిజిస్ట్రేషను సుంకం మిగులుతుంది. కానీ ఆ కంపెనీ పాత అప్పులు, పనివాళ్ళ బకాయిలు, పర్యావరణ జరిమానాలు అన్నీ మీ నెత్తినే. మిగిలిన సుంకం లాయర్లకీ ఆడిటర్లకీ పోతుంది.

ఓరుగల్లు_చిన్నోడు
గ్రీసుల ఖతర్ అమీర్ గూడ కొన్నడు గదా?

రిజిస్ట్రీ_రావు
అదీ 2013లోనే. అయోనియన్ సముద్రంలో ఎకినాదీస్‌లో ఆరు చిన్న దీవులు, 85 లక్షల యూరోలు. కొన్నాక తెలిసిందేమిటంటే, దీవి ఎంత పెద్దదైనా ఇల్లు 250 చదరపు మీటర్లు దాటకూడదని నిబంధన. నా స్నానాలగదే అంత ఉంటుందని అమీర్ అన్నట్టు అక్కడి మేయరు చెప్పాడు.

కొబ్బరాకు
ఆరు దీవులు, ఆరు స్నానాలగదులు. సరిపోయింది కదండీ 😂

సువా_గోదారి
ఫిజీ సంగతి. ఇక్కడ భూమి మూడు రకాలు. సుమారు 87 శాతం ఇతౌకేయి (మూలవాసి ఫిజీ) తెగల ఉమ్మడి భూమి, ఎవరికీ అమ్మరు, లీజే. 8 శాతం పూర్తి యాజమాన్య భూమి, మిగతాది ప్రభుత్వానిది. అమ్మకానికి వచ్చే దీవులన్నీ ఆ 8 శాతంలోవే, అందుకే ధర. లౌతాలా దీవిని ఫోర్బ్స్ పత్రిక యజమాని మాల్కమ్ ఫోర్బ్స్ 1972లో 10 లక్షల డాలర్లకి కొన్నాడు, 2003లో అది రెడ్ బుల్ పానీయం కంపెనీ మాతెషిట్జ్ చేతికి వెళ్ళింది. మాంగో దీవి 5,400 ఎకరాలు, నటుడు మెల్ గిబ్సన్ 2005లో 1.5 కోట్ల డాలర్లకి జపాన్ కంపెనీ టోక్యూ దగ్గర తీసుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దీవి నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళ వారసులు ఆ అమ్మకాన్నే ఎదిరించారు. అంటే పట్టా శుభ్రంగా ఉన్నా, పాత మనుషుల గోడు శుభ్రంగా ఉందో లేదో చూడాలి.
ఇంకోటి. దీవి మీదే అయినా అలల పోటు గీత దాటిన ఒడ్డు ప్రభుత్వానిది, దాని ముందు పగడపు దిబ్బల్లో చేపలు పట్టే హక్కు పక్క ఊళ్ళది. కోలికోలి అంటారు. రేవు కట్టాలన్నా, దిబ్బ తవ్వాలన్నా ఆ ఊరి పెద్దతో మాట్లాడి ఒప్పించుకోవాల్సిందే.

లెక్కల_మాస్టారు
@సువా_గోదారి ఉమ్మడి భూమి లీజు తీసుకుంటే?

సువా_గోదారి
దీవి కొనేవాళ్ళ కన్నా చెరకు రైతులకి బాగా తెలుసు ఆ లీజు. 1976 చట్టం అప్పటికే ఉన్న లీజుల్ని కూడా మొత్తం 30 ఏళ్ళకి పొడిగించింది, 1997 నుంచి గడువులు తీరడం మొదలైంది. 1903 నుంచి మద్రాసు ఓడల్లో వచ్చిన తెలుగువాళ్ళ పిల్లలూ మనవలూ కూడా ఇళ్ళు విప్పుకుని లేచిపోవాల్సి వచ్చింది. రిసార్టు లీజులు ఇంకా పొడవు ఉంటాయి, కానీ గడువు గడువే.

తీరంలెక్క
పట్టాలో ఇంకో మెలిక హద్దు. కాగితం మీద "సముద్రం వరకు" అని రాసుంటుంది. ఏ ఏడాది సముద్రం? మన గోదావరి లంకల్లో వరదొస్తే ఈ ఒడ్డు కోసుకుపోయి ఆ ఒడ్డున మేట వేస్తుంది, ఎకరాలు ఎవరివని ఏటేటా తగువు. పగడపు ఇసుక దీవీ అంతే. కొనేముందు కనీసం ముప్ఫై నలభై ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు తెచ్చి తీరపు గీత ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. కొత్త సర్వే చేయించి, అధిక పోటు గీత నుంచి విస్తీర్ణం లెక్కించాలి. బెలీజ్‌లో అయితే ఒడ్డు వెంట 66 అడుగుల పట్టీ ప్రభుత్వానిదే. రెండెకరాల సన్నటి దీవిలో ఆ 66 అడుగులు రెండు వైపులా తీసేస్తే పెరడే మిగులుతుంది.

కొబ్బరాకు
కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఎంతుంటుందండీ, ఊరికే అడుగుతున్నా

తీరంలెక్క
కొనే వస్తువు కాదు, ప్రభుత్వానిది. గోదావరి ఇసుక మేటతో రెండొందల ఏళ్ళలో పెరిగిన దిబ్బ, ఇప్పటికీ రూపు మారుతోంది. కాకినాడ రేవుకి తుపాను అడ్డుగోడ అదే. తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అక్కడ విల్లా కడతానంటే తాబేళ్ళే నీ మీద కేసు వేస్తాయి.

నీటిపంపు
బాబ్జీ "నీళ్ళకి" అని వదిలేశాడు, అంకెలు పెడతా. ఇరవై మంది అతిథులు, ఇరవై మంది సిబ్బంది అనుకోండి. స్నానం, లాండ్రీ, వంట, కాసిని మొక్కలు కలిపి మనిషికి 500 లీటర్లు. రోజుకి 20 ఘనపు మీటర్లు. మూడు దారులున్నాయి.
వాన: చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు, తడిసి ఆవిరై పోయేది పోగా 80 శాతం పడితే 960 ఘనపు మీటర్లు. అంటే 48 రోజుల నీళ్ళు. చాలదు, కానీ వదలకూడదు. అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లో ఇల్లు కడితే వాననీటి తొట్టి ఉండాలని చట్టమే ఉంది.
బావి: దీవి కింద మంచినీరు ఉప్పునీటి మీద కటకంలా తేలుతుంది. సముద్రమట్టం కన్నా ఒక మీటరు పైన మంచినీరుంటే కింద 40 మీటర్ల మంచినీరు, లెక్క ప్రకారం. చిన్న దీవిలో ఆ ఎత్తు ఇరవై ముప్ఫై సెంటీమీటర్లే. మోటారు గట్టిగా లాగి మట్టం 10 సెంటీమీటర్లు దించితే, కిందనుంచి ఉప్పునీరు 4 మీటర్లు పైకొస్తుంది. ఒకసారి వస్తే దిగడానికి ఏళ్ళు పడుతుంది. లోతు బోరు వేయడమే తప్పు. మట్టానికి కాస్త కిందుగా చిల్లుల గొట్టం అడ్డంగా పరిచి, మధ్య బావిలోకి మెల్లగా చేర్చి, చిన్న మోటారుతో కొద్దికొద్దిగా తోడాలి.

కొబ్బరాకు
ఇది బాపట్ల దొరువు కదండీ!

నీటిపంపు
దొరువే. బాపట్ల, చీరాల ఇసుకలో ఉప్పునీటి మీది మంచినీరు అలా తీసే తెలివి మనవాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది. చిల్లుల గొట్టాలతో దాన్ని మెరుగుపరిచింది కూడా బాపట్లలోనే.
మూడోది సముద్రపు నీటి ఆర్‌ఓ. 20 ఘనపు మీటర్లు కావాలంటే 50 తీసుకోవాలి, 40 శాతమే మంచినీరవుతుంది. మిగతా 30 ఘనపు మీటర్లు ఇంకా ఉప్పగా, లీటరుకి 58 గ్రాముల ఉప్పుతో, బయటికి. ఒత్తిడి 55 నుంచి 65 బార్. ఒత్తిడిని తిరిగి పట్టుకునే పరికరం ఉంటే ఘనపు మీటరుకి మూడు నాలుగు యూనిట్ల కరెంటు, అది లేని చిన్న యంత్రానికి పది దాకా. రోజుకి 200 యూనిట్లు. డీజిలు జనరేటరు లీటరుకి మూడున్నర యూనిట్లు ఇస్తుంది కాబట్టి నీళ్ళకే రోజుకి 57 లీటర్ల డీజిలు. ఆ పరికరం పెడితే 23 లీటర్లు చాలు.

ఉప్పుగాలి
చెడేది ఎక్కడో కూడా చెప్పు. అమ్మేవాళ్ళు "ఆర్‌ఓ ప్లాంటు ఉంది" అని బోర్డు మీద రాస్తారు, పక్కనే తుప్పుపట్టిన పంపు ఫోటో ఉండదు.

నీటిపంపు
చెడేవాటిలో మొదటిది లోహం. ఎక్కువ ఒత్తిడి వైపు 316 స్టీలు వాడితే ఉప్పునీటికి గుంటలు పడుతుంది. డూప్లెక్స్ స్టీలు కావాలి, పంపు తలకాయకి సూపర్ డూప్లెక్స్ అయితే మేలు. మెంబ్రేన్‌కి, అంటే ఉప్పు వడగట్టే పొరకి, క్లోరిన్ సోకకూడదు, పాలీఅమైడ్ పొర కాబట్టి తినేస్తుంది. తీసుకునే గొట్టంలో నాచు చావాలని క్లోరిన్ వేసినవాడు, దాన్ని ముందే విరగ్గొట్టడం మరిచిపోతాడు. బయటికి వదిలే ఉప్పునీటి గొట్టం, తీసుకునే గొట్టానికి దగ్గరగా, ప్రవాహానికి ఎగువన పెట్టడం కూడా చాలాచోట్ల చూస్తాం. వదిలిన ఉప్పునే మళ్ళీ తాగుతుంది. అన్నిటికన్నా పెద్దది, యజమాని లేనప్పుడు యంత్రం ఆపేసి వెళ్ళడం. నాలుగైదు రోజులు దాటితే మెంబ్రేన్లని సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణంలో ఉంచాలి, లేకపోతే లోపల బూజు పట్టి ఏడేళ్ళు రావాల్సిన పొర రెండేళ్ళలో పోతుంది. దీవి చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ప్లాంటు లాగ్‌బుక్ అడగాలి. లాగ్‌బుక్ లేదంటే ప్లాంటు లేనట్టే లెక్క.

లెక్కల_మాస్టారు
లనాయిలో నీళ్ళెక్కడివి?

నీటిపంపు
పర్వతం మీద పొగమంచు. మేఘం చెట్ల ఆకులకి తగిలి చినుకై నేలలోకి దిగుతుంది. ఆ సంగతి గమనించి అక్కడి పశువుల క్షేత్రం మేనేజరు జార్జ్ మన్రో, వందేళ్ళ కింద కొండ మీద కుక్ పైన్ చెట్లు నాటించాడు. 30 కోట్ల దీవికి ఆ చెట్లే ప్లాంటు.

ఉప్పుగాలి
కరెంటు సంగతి. ఎనిమిది గదుల విల్లా, ఏసీలు, ఆర్‌ఓ, ఫ్రీజర్లు కలిపి రోజుకి 600 యూనిట్లనుకోండి. చాలామంది 200 కిలోవాట్ల జనరేటరు ఒకటి తెచ్చి పడేస్తారు. రాత్రి లోడు 25 కిలోవాట్లు ఉంటుంది. ముప్ఫై శాతం కన్నా తక్కువ లోడు మీద డీజిలు ఇంజను పూర్తిగా మండదు, పొగగొట్టంలో నల్లటి జిడ్డు కారుతుంది, రింగులు అంటుకుంటాయి. రెండు వేర్వేరు సైజులు, ఒకటి చెడితే ఇంకోటి నడిచేలా పెట్టాలి, మధ్యలో బ్యాటరీ. సోలారుకి కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్ల పైచిలుకు. 150 కిలోవాట్లు, ప్యానెళ్ళకే 750 చదరపు మీటర్లు. రాత్రికి 400 యూనిట్ల బ్యాటరీ. డీజిలు ట్యాంకు చుట్టూ గోడ, ట్యాంకు పరిమాణం కన్నా పది శాతం ఎక్కువ పట్టేలా కట్టాలి. చిన్న దీవిలో డీజిలు ఒలికితే నేరుగా నీటిపంపు చెప్పిన కటకంలోకే.
ఏసీ ఖర్చు తగ్గించిన గట్టి ఉదాహరణ తాహితీ దగ్గర తెతియారోవా, హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో దీవి. 2014లో తెరిచిన రిసార్టులో సముద్రంలో సుమారు 900 మీటర్ల లోతునుంచి చల్లటి నీరు పైకి తెచ్చి, దాని చల్లదనంతో గదులు చల్లబరుస్తారు. కంప్రెషర్లు లేవు, పంపు కరెంటే. కానీ ఒడ్డుకి దగ్గర్లోనే అంత లోతుండాలి. బహామాస్ లోతులేని తిన్నెల మీద ఇది కుదరదు.

బార్జి_బాబ్జీ
తెతియారోవా పేరెత్తావు కాబట్టి రేవు చెబుతా. ఆ దీవి చుట్టూ పగడపు దిబ్బ తెగకుండా ఉంటుంది, పడవ లోపలికి వెళ్ళే దారి లేదు. మనుషులు విమానంలో, సామాను దిబ్బ అంచున దించడం. అలాంటి దీవి పటంలో స్వర్గం, సిమెంటు దించేవాడికి నరకం.
మామూలు దీవికైనా లెక్కిదీ. ఒక సిమెంటు బస్తా గోదాం నుంచి లారీకి, లారీ నుంచి బార్జికి, బార్జి నుంచి ఒడ్డుకి, ఒడ్డు నుంచి పనిచోటుకి. నాలుగుసార్లు ఎత్తుడు. దారిలో చెమ్మ తగిలితే గడ్డ. అందుకే ఇదే ఇల్లు ఒడ్డున కట్టేదాని కన్నా రెండింతలు, దూరమైతే మూడింతలు. ప్రతి సరుకూ పది శాతం ఎక్కువ వేసుకోవాలి. ఒక పెట్టె బోల్టులు మరిచిపోతే బోల్టుల ఖరీదు వందలు, బార్జి అద్దె లక్షలు. రేవు దగ్గర అతి తక్కువ పోటులో కూడా రెండు మూడు మీటర్ల లోతు కావాలి. లేకపోతే తవ్వాలి, తవ్వితే పగడం, పగడమంటే అనుమతి, అనుమతంటే ఏళ్ళు.

ఉప్పుగాలి
దీవి ఇసుకతోనే కాంక్రీటు కలుపుదామనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఆ ఇసుకలో క్లోరైడు ఉంటుంది, లోపలి ఇనుము కుళ్ళి ఉబ్బి గోడ పగిలిపోతుంది. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456లోనే అలల తాకిడి చోట ఎం40 గ్రేడు కాంక్రీటు, ఇనుము మీద 75 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు అని ఉంది. విశాఖ బీచ్ రోడ్డు బాల్కనీలు చూసినా తెలుస్తుంది.

ఓరుగల్లు_చిన్నోడు
ఇంత తిప్పలెందుకు, కట్టిన దీవి కొంటే అయిపాయె గదా?

తీరంలెక్క
అందుకే కట్టిన దీవి ధర అంత. నెక్కర్ దీవి చూడు. 1978లో రిచర్డ్ బ్రాన్సన్ 74 ఎకరాలు కొన్నది 1,80,000 డాలర్లకి, అడిగిన ధరలో చిన్న ముక్క. కొన్నేళ్ళలో రిసార్టు కట్టకపోతే దీవి వెనక్కి తీసుకుంటామని ప్రభుత్వం షరతు పెట్టింది. కట్టడానికి మూడేళ్ళు, కోటి డాలర్లదాకా. కొన్నదానికి 55 రెట్లు కట్టుబడికి. మాస్టారి రెండో ప్రశ్నకి జవాబు ఈ 55లో ఉంది.
ఆ షరతు ఇప్పటికీ ఉంది. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో బయటివాళ్ళు కొనాలంటే లైసెన్సు, ఎంత ఖర్చుపెట్టి ఏం కడతారో రాసివ్వాలి. సుంకం స్థానికులకి 4 శాతం, బయటివాళ్ళకి 12.

కొబ్బరాకు
కాలిపోయింది కదా అది?

తీరంలెక్క
2011 ఆగస్టులో ఐరీన్ తుపాను పిడుగుకి పెద్ద ఇల్లు కాలింది. మళ్ళీ కట్టారు. 2017 సెప్టెంబరులో ఇర్మా వచ్చి మళ్ళీ పడగొట్టింది.
బీమా పత్రంలో ఒక్క వాక్యం చదవండి చాలు. తుపాను నష్టంలో మీరు భరించాల్సిన వాటా నష్టంలో శాతం కాదు, బీమా చేసిన మొత్తంలో శాతం. రెండు కోట్ల డాలర్లకి బీమా చేసి వాటా 5 శాతమైతే, 10 లక్షల డాలర్ల నష్టం దాకా కంపెనీ పైసా ఇవ్వదు. కప్పులు లేచిపోయి, రేవు కొట్టుకుపోయి, తొమ్మిది లక్షలు ఖర్చయితే అంతా మీదే.

ఎకరాల_ఏడుకొండలు
కరీబియన్‌లో మస్టీక్‌ని ఎవరూ ఎత్తలేదేం? కోలిన్ టెనెంట్ 1958లో 45,000 పౌండ్లకి కొన్నాడు, 1,400 ఎకరాలు. మొత్తం దీవి అట్టేపెట్టుకోలేదు, ప్లాట్లు వేసి ఇళ్ళవాళ్ళని రప్పించాడు. ఇప్పుడు ఇళ్ళవాళ్ళ కంపెనీయే దీవిని నడుపుతుంది. కరెంటూ నీళ్ళూ విమానాల పట్టీ ఖర్చు అందరూ పంచుకుంటారు. నన్నడిగితే అదే బుద్ధిగలవాడి పని.

రిజిస్ట్రీ_రావు
దానికి ఎదురు ఉదాహరణ స్కాట్లండ్‌లో ఎగ్. యజమానులు మారిమారి విసిగి, 1997లో దీవి జనమే ట్రస్టుగా చేరి చందాలు పోగేసి 15 లక్షల పౌండ్లకి కొనేసుకున్నారు.

ఓరుగల్లు_చిన్నోడు
హైదరాబాదుల కూసోని ఒకడు బయటి దేశంల దీవి కొనాలంటే పైసలెట్ల పంపుతడు?

రిజిస్ట్రీ_రావు
విదేశాలకి సొమ్ము పంపే రిజర్వు బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లు. స్థిరాస్తి కొనొచ్చు. కుటుంబసభ్యులు కలిపి పంపొచ్చు, కానీ పంపినవాళ్ళంతా పత్రంలో యజమానులుగా ఉండాలి. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుకోవచ్చు, అందాకా సొమ్ము ఇరుక్కుంటుంది. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపకపోతే జరిమానా గట్టిది. విదేశంలో ఉండి అక్కడ సంపాదించిన సొమ్ముతో కొనే ఎన్నారైలకి ఈ పరిమితి లేదు.

లెక్కల_మాస్టారు
ఆరు కోట్ల డాలర్ల సెయింట్ జేమ్స్ జంట: ఒక్కడు పంపితే 240 ఏళ్ళు. నలుగురి కుటుంబమైతే 60. లనాయికి ఒక్కడైతే 1,200 ఏళ్ళు, అంటే చాళుక్యుల కాలంలో మొదటి వాయిదా కట్టి ఉండాలి.

ఓరుగల్లు_చిన్నోడు
మాది కాకతీయ, వాయిదాల పద్ధతి లేదు. చెరువు తవ్వుకుంటం, నడుమల ఓ దిబ్బ ఇడిసిపెడతం. అయిపాయె.

నీటిపంపు
దిబ్బ మీద బోరు మాత్రం వెయ్యకు.

లెక్కల_మాస్టారు
పట్టిక తిరగరాస్తున్నా. అమ్ముడైనవి మాత్రమే: లనాయి, టార్పన్, సెయింట్ జేమ్స్ జంట, మాంగో. స్కార్పియోస్ పక్కన "కంపెనీ చేతులు మారింది" అని రాశా. ఇంద్రజాలికుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 2006లో 5 కోట్ల డాలర్లకి కొన్న బహామాస్ మూషా కే కూడా చేర్చా.

ఎకరాల_ఏడుకొండలు
ఎకరం ధర గడి పెట్టారా?

లెక్కల_మాస్టారు
పెట్టా. లనాయికి నాలుగంకెలు. టార్పన్‌కి ఎనిమిది పట్టక గడి వెడల్పు చేయాల్సొచ్చింది.

బార్జి_బాబ్జీ
రేవు లోతు గడి కూడా పెట్టండి మాస్టారూ. అది లేకపోతే మళ్ళీ వాట్సాప్ పట్టికే.